చేతులు లెక్కపెట్టే తాత

మా తాతకి పార్టీలో చెప్పుకోదగ్గ పదవి ఏదీ లేదు. కానీ ఆయన లేకుండా పార్టీ ఆఫీసు గోడకి ఒక్క మేకు కూడా దిగేది కాదు. ఆ పార్టీలో ఏ పని చెయ్యాలన్నా ముందు అందరూ బెంచీల మీద కూర్చుని చేతులెత్తాలి. ఎత్తిన చేతుల్ని ఒకరు లెక్కపెట్టాలి. లెక్కపెట్టేది మా తాత. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా బతుకంతా బస్సుల్ని లెక్కపెట్టిన మనిషి కనుక పార్టీవాళ్ళు పిలిచి మరీ ఈ పని అప్పజెప్పారు. వయసొచ్చిందని డిపో ఆయన్ని ఇంటికి పంపేసింది గానీ చేతులు మాత్రం వదల్లేదు.

దానికి తోడు ఆదివారం ఆదివారం కొత్తగా చేరినవాళ్ళకి సిద్ధాంతం క్లాసులు చెప్పేవాడు. ఆఫీసు మేడ మీద చిన్న గది, ఒక నల్లబోర్డు, కాలు విరిగితే ఇటుక పెట్టిన బల్ల. వచ్చేవాళ్ళు చాలామంది టీ బిస్కెట్ల కోసం వచ్చేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "తినే నోటికైనా వినే చెవి ఉంటుందిగా" అనేవాడు. అందరూ ఆయన్ని మాస్టారూ అని పిలవడం అక్కణ్ణుంచే మొదలైంది. ఆయన చెప్పే పాఠం ఒక్కటే, ఎన్ని వారాలు చెప్పినా అదే: "ఎవరికీ ఎవరూ ఎక్కువ కాదు. నలుగురూ కూర్చుని తేల్చిందే న్యాయం. ఒక్కడు కాదన్నా వాడి మాట విని తీరాలి."

బయట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఇంట్లో కూడా అమలు చేశాడు. ఫ్యాను ఏ గదిలో పెట్టాలన్నా మీటింగే, గోడకి ఏ రంగు వెయ్యాలన్నా మీటింగే. ఒకసారి సాయంత్రం కూర ఏం వండాలో తేల్చడానికి అందర్నీ కూర్చోబెట్టాడు. చర్చ వంకాయకీ బెండకాయకీ మధ్య రెండు వర్గాలుగా చీలి, సవరణల మీద సవరణలు వచ్చి, చివరికి తీర్మానం అయ్యేసరికి మా నాయనమ్మ పొయ్యి మీంచి పప్పు దించింది.

"ఇదేంటి? మేం బెండకాయ అని తేల్చాం కదా!" అన్నాడు తాత.

"తేల్చినవాళ్ళు తేల్చారు, వండేదాన్ని వండాను. కంచాలు పెట్టుకోండి."

ఆ రోజు నుంచి వంటింటిని సిద్ధాంతం పరిధి నుంచి తప్పించాడు. "స్వయంప్రతిపత్తి ఇచ్చాను" అని చెప్పుకునేవాడు గానీ, ఎవరు ఎవరికి ఇచ్చారో ఇంట్లో అందరికీ తెలుసు.

మా నాయనమ్మది కుట్టుపని. పార్టీ ఆఫీసు కింద గదిలోనే, మరో అయిదుగురు ఆడవాళ్ళతో కలిసి. బడి పిల్లల చొక్కాలు, ఆసుపత్రి దుప్పట్లు, పాత పంట్లాములకి కొత్త జిప్పులు. ఆ గది వాళ్ళకి ఇప్పించింది కూడా తాతే. అప్పట్లో మీటింగులో లేచి, "కష్టపడేవాళ్ళు కింద ఉంటేనే పార్టీ పైన నిలబడుతుంది" అన్నాడట. చేతులు లేచాయి. ఆయనే లెక్కపెట్టాడు. ఏకగ్రీవం. ఆ తర్వాత ఆ గదిలో ఆరు మిషన్లు వరసగా కూర్చున్నాయి. మేడ మీద సిద్ధాంతం చెబుతుంటే కింద మిషన్లు టకటకలాడేవి. తాత గొంతు కాస్త పెద్దదవడానికి అదే కారణమని డిపోలో పాత స్నేహితులు అంటారు.

ఇలా ఉండగా ఒక రోజు మధ్యాహ్నం ఒకాయన టేపు పట్టుకుని కుట్టుగదిలోకి వచ్చి, ఎవర్నీ అడక్కుండా తలుపు పొడవూ వెడల్పూ కొలవడం మొదలుపెట్టాడు.

"ఏంటి బాబూ, దేనికి కొలుస్తున్నావు? తలుపుకి చొక్కా కుట్టిస్తారా?" అంది నాయనమ్మ.

"అద్దాల తలుపులమ్మా. చిన్నబాబుగారి ఆఫీసుకి."

"ఏ చిన్నబాబు?"

"అధ్యక్షుడిగారి అబ్బాయమ్మా. యువజన విభాగం ఇక్కడే పెడుతున్నారంట. ఈ మిషన్లు ఎప్పుడు తీస్తారు?"

ఆరు మిషన్లూ ఒక్కసారి ఆగిపోయాయి. ఎవరూ ఎక్కువ కాని పార్టీలో ఒక చిన్నబాబు ఉన్నాడంటే ఎక్కడో ఒక పెద్దబాబు కూడా ఉండే ఉంటాడని నాయనమ్మకి అప్పుడే అర్థమైంది. తాతకి మాత్రం అర్థం కాలేదు. సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే నవ్వేశాడు.

"మీటింగ్ లేకుండా మేకు కూడా దిగదు. అద్దాల తలుపులు ఎలా దిగుతాయి? వాడెవడో వేరే బిల్డింగు అనుకుని వచ్చుంటాడు."

"మా తలుపే కొలిచాడండీ. నా తల కూడా కొలుస్తాడేమోనని పక్కకి జరిగాను."

"నేను కనుక్కుంటాగా."

మర్నాడు అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు. అధ్యక్షుడు చెడ్డవాడేమీ కాదు. మందుల షాపు మనిషి. ఎవరేం చెప్పినా "సరే సరే, పొద్దున ఒకటి రాత్రి ఒకటి" అన్నట్టు తలూపడం అలవాటు. తాతని కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు.

"అవును మాస్టారూ, ఆ గది మావాడికి ఇద్దామనుకుంటున్నాం. గురువారం మీటింగ్ ఉందిగా. తేలుస్తాం."

"మీటింగ్ గురువారమైతే కొలతలు నిన్ననే తీశారేంటి?"

"తేలేది తెలిసినప్పుడు ముందే కొలిస్తే తప్పేముంది మాస్టారూ? తలుపులు తయారవడానికి టైం పట్టదూ?"

తాత టీ కప్పులోకి తొంగి చూశాడు. ఆ మాటలో తప్పెక్కడుందో వెతుకుతున్నాడు. ఉందని తెలుస్తోంది, దొరకట్లేదు.

"మరి ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి?"

"ఇళ్ళల్లో కుట్టుకుంటారు. ఇంకా సుఖం. అయినా ఇవన్నీ మీకెందుకు? మీరు వచ్చి లెక్కపెడితే చాలు."

ఇంటికి వచ్చినవాడు అన్నం ముందు కూర్చుని పెరుగులో పప్పు కలిపాడు. అది చూసి నాయనమ్మ ఇంకేమీ అడగలేదు. మిషన్ ఇంటికి తెస్తే ఎక్కడ పెట్టాలా అని గది నాలుగు మూలలూ చూసింది. ఆ గదిలో నాలుగు మూలల్లోనూ మనుషులే ఉన్నారు. మిగతా అయిదుగురి ఇళ్ళూ అంతే. మిషన్ పెడితే మంచం బయటికి పోవాలి.

"ఏవండీ, ఒక మాట అడుగుతాను. ఇన్నేళ్ళల్లో మీరెప్పుడైనా చెయ్యెత్తారా?"

"నేనెలా ఎత్తుతాను? లెక్కపెట్టేవాణ్ణి. లెక్కపెట్టేవాడు ఎత్తకూడదు, అది పద్ధతి."

"పోనీ, ఎప్పుడైనా లెక్కపెట్టారా?"

తాత మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఎందుకంటే ఆ పద్ధతి సంగతి ఆయనకే తెలుసు. చేతులెత్తండి అనగానే తలుపు దగ్గర నిలబడి, డిపోలో బస్సులకి చూపించినట్టు వేలు గాల్లో ఇటు నుంచి అటు తిప్పేవాడు. వేలు ఆ చివరికి చేరేసరికి అధ్యక్షుడు ఇటు చూసేవాడు. "ఏకగ్రీవం" అనేవాడు తాత. అందరూ టీకి లేచేవాళ్ళు. వేలు తిరగడం నిజం, ఏకగ్రీవం నిజం, మధ్యలో లెక్క అనేది ఎప్పుడూ జరగలేదు.

"అందరూ ఎత్తుతారే, ఇంక లెక్కెందుకు?" అన్నాడు చివరికి.

"లెక్కపెట్టకుండా అందరూ ఎత్తారని ఎలా తెలిసింది?"

"నీతో వాదించలేను."

"సిద్ధాంతం క్లాసులు చెప్పేవాళ్ళకి ఆ మాత్రం తెలిసిందే, అదే పదివేలు."

గురువారం వచ్చింది. ఆఫీసు మేడ మీద హాల్లో బెంచీలన్నీ నిండాయి. ముందు బెంచీలో మూలగా కునుకు మావయ్య కూర్చున్నాడు. ఆయనకి ఆ పేరు పార్టీయే ఇచ్చింది. అధ్యక్షుడు మైకు తీసుకోగానే నిద్రపోయి, చేతులెత్తమనగానే నిద్రలోనే ఎత్తగల ఒకే ఒక్క సభ్యుడు. కిటికీ పక్కన చిన్నబాబు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో పెన్ను. కుర్రాడు మర్యాదస్తుడు. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళ ఆదివారాల్లో తాత క్లాసుకి వచ్చి బిస్కెట్ తినకుండా పాఠం విన్నవాడు వాడొక్కడే. వాళ్ళ నాన్న పంపితే వచ్చాడు, వచ్చాక చెప్పిందల్లా నమ్మాడు.

అధ్యక్షుడు తీర్మానం చదివాడు. కింద గది యువజన విభాగానికి. "సమ్మతించేవాళ్ళు చేతులెత్తండి."

తాత వేలు లేచింది. కానీ ఈసారి వేలు వెనకాలే కళ్ళు కూడా వెళ్ళాయి. మొదటిసారి అన్ని చేతుల్నీ విడివిడిగా చూశాడు. చూస్తే, వాటిలో సగం అసలు చేతులే కావు. ఒకాయన మోచెయ్యి బల్ల మీద పెట్టి అరచెయ్యి చెంప దాకా తెచ్చాడు. అది ఎత్తడమో పంటి నొప్పో తెలీదు. ఇంకొకాయన జుట్టు సవరించుకుంటున్నాడు. ఒకామె వేలు ఒక్కటే, అదీ ఒళ్ళోంచే, పైకి చూపిస్తోంది. డ్రైవర్ల సంఘం ఆయన చెయ్యి బాగానే ఎత్తాడు గానీ ఆ చేతిలో ఫోను ఉంది, ఆయన ఫోటో తీసుకుంటున్నాడు.

అధ్యక్షుడు అలవాటుగా ఇటు చూశాడు. "ఏకగ్రీవమేగా మాస్టారూ?"

"కాదండీ."

టీకి సగం లేచినవాళ్ళు సగంలోనే ఆగిపోయారు.

"పూర్తిగా ఎత్తినవి తొమ్మిది. చెంప దాకా వచ్చి ఆగినవి పద్నాలుగు. ఆ పద్నాలుగు చేతులూ ఏదో ఒకటి తేల్చుకుంటే మళ్ళీ లెక్కపెడతాను" అన్నాడు తాత.

హాలంతా గుసగుసలు. చెంప దగ్గరున్న చేతులు దొంగతనంలో దొరికినట్టు ఒళ్ళోకి జారిపోయాయి. అధ్యక్షుడి ముఖం ఎర్రబడింది గానీ మందుల షాపులో నేర్చుకున్న ఓపిక పక్కకి పోలేదు.

"మాస్టారుకి చూపు మందగించింది. పాపం, ఎన్నాళ్ళని శ్రమ పెడతాం? ఇవాళ్టి నుంచి ఆయన హాయిగా బెంచీ మీద కూర్చుంటారు. లెక్క మావాడు చూస్తాడు. బాబూ, రా."

తాత వెళ్ళి కునుకు మావయ్య పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, ఆ బెంచీ ఎంత గట్టిగా ఉంటుందో. చిన్నబాబు తలుపు దగ్గరికి వచ్చి, తాతలా వేలు తిప్పకుండా, బెంచీల మధ్యకి నడిచి ఒక్కొక్కరి ముఖం చూస్తూ లెక్కపెట్టాడు. అధ్యక్షుడి కొడుకు ముఖంలోకి చూస్తూ నిలబడితే చెంప దగ్గర చెయ్యి ఎంతసేపు ఆగుతుంది? అన్నీ నిటారుగా లేచాయి.

"అయింది కదా, ఏకగ్రీ..." అనబోయాడు అధ్యక్షుడు.

"ఒక్క నిమిషం నాన్నా" అన్నాడు చిన్నబాబు. గొంతు సవరించుకుని, క్లాసులో నేర్పినట్టు, స్పష్టంగా అడిగాడు: "వ్యతిరేకించేవాళ్ళు?"

ఆ ప్రశ్న ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అడగాలని తాత ప్రతి ఆదివారం బోర్డు మీద రాసేవాడు, ప్రతి గురువారం అడగకుండా వదిలేసేవాళ్ళు. అధ్యక్షుడు కొడుకు వంక చూసిన చూపుకి ఇంకొకడైతే అక్కడే కూర్చుండిపోవాలి. వాడు మాత్రం పాఠం సరిగ్గా అప్పజెప్పిన సంతోషంలో ఉన్నాడు.

తాత చెయ్యెత్తాడు.

ఎత్తేదాకా ఆయనకీ తెలీదు ఎత్తుతానని. లెక్కపెట్టే పని పోయింది, చెయ్యి ఖాళీ అయింది, అది లేచింది. జీవితంలో మొదటిసారి ఎత్తడం వల్ల ఎంత ఎత్తాలో తెలీక, బస్సు ఆపడానికి ఎత్తినట్టు ఎత్తాడు. ఆ కుదుపుకి పక్కన కునుకు మావయ్య లేచాడు. పక్కన చెయ్యి ఉంది కాబట్టి తనదీ ఎత్తాడు.

"నువ్వెందుకయ్యా ఎత్తావు?" అని అరిచాడు అధ్యక్షుడు.

"మాస్టారు ఎత్తారుగా."

"దేనికో తెలుసా?"

"ఇన్నాళ్ళూ తెలిసే ఎత్తానా?"

హాల్లో నవ్వులు. డ్రైవర్ల సంఘం ఆయన ఫోటో మళ్ళీ తీశాడు. చిన్నబాబు మాత్రం నవ్వలేదు. "ఒక్కరు కాదన్నా వాళ్ళ మాట విని తీరాలి నాన్నా. మాస్టారే చెప్పారు. మాస్టారూ, చెప్పండి."

తాత లేచాడు. "మిత్రులారా" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. ఆయనకి వచ్చిన మాటలన్నీ ఔననడానికి నేర్చుకున్నవే. చారిత్రక అవసరం, సమష్టి నిర్ణయం, విశాల దృక్పథం, వీటిలో ఏది పట్టుకుని లాగినా చివరికి అద్దాల తలుపు దగ్గరికే వెళ్తోంది. కింద నుంచి మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"కింద మా ఆవిడ కుడుతోంది. ఇంకో అయిదుగురు కూడా. మా ఇంట్లో మిషన్ పెడితే నేను వీధిలో పడుకోవాలి. వాళ్ళ గది వాళ్ళకి ఉంచండి. అంతే" అని కూర్చున్నాడు.

ఇన్నేళ్ళ క్లాసుల్లో అంత చిన్న ఉపన్యాసం ఆయన ఎప్పుడూ ఇవ్వలేదు. ఎవరికో నచ్చి చప్పట్లు కొట్టబోయి, అధ్యక్షుణ్ణి చూసి రెండు చేతులూ రుద్దుకున్నారు. తీర్మానం నెగ్గింది. కానీ ఇద్దరు వ్యతిరేకం అని చిన్నబాబు గట్టిగా చదివి వినిపించాడు.

మర్నాడు పొద్దున్నే అధ్యక్షుడు కుట్టుగదికి వచ్చాడు. తాత అక్కడే ఉన్నాడు. రాత్రంతా నిద్ర పట్టక, నాయనమ్మ మిషన్‌కి నూనె వేస్తానని వంక పెట్టి వచ్చి, నూనెంతా చేతులకి పూసుకున్నాడు.

"మాస్టారూ, ఆ చెయ్యి దించెయ్యండి" అన్నాడు అధ్యక్షుడు, ఇంకా పైకే ఉన్నట్టు. "నెగ్గింది, సరే. కానీ ఏకగ్రీవం కాకపోతే పై కమిటీ దాన్ని ముట్టుకోదు. మన ఊళ్ళో ఏదో గొడవ ఉందనుకుంటారు. కునుకు మావయ్య రాత్రే దించేశాడు, నిద్రలేపితే ఒప్పుకున్నాడు. మీరొక్కరే మిగిలారు."

"అన్నయ్యగారూ, ఊరికే నిలబడే బదులు ఈ దుప్పటి కొస పట్టుకోండి, అంచు తిప్పుతున్నాను" అంది నాయనమ్మ. అధ్యక్షుడు పట్టుకున్నాడు. పట్టుకోకుండా ఉండడం ఎలాగో ఆ గదిలో ఎవరికీ తెలీదు.

తాత చేతులు తుడుచుకున్నాడు. "ఒకటి చెప్పండి. మన దగ్గర అందరూ మీ ముఖం చూసి ఎత్తుతారు. సరే. మీరు ఎవర్ని చూసి ఎత్తుతారు?"

"పై కమిటీని చూసి. వాళ్ళకి ఏది ఇష్టమో అదే కదా మన లైను."

"పై కమిటీవాళ్ళు?"

"వాళ్ళెప్పుడూ ఒకటే మాటంటారు. కిందంతా ఏకగ్రీవం కనుక మేమూ ఒప్పుకుంటున్నాం అని. అక్కడా తలుపు దగ్గర ఒకాయన ఉంటాడు లెండి, మీలాగే వేలు తిప్పుతూ. మంచి మనిషి."

తాత దుప్పట్ల మూట మీద కూర్చుండిపోయాడు. పైవాళ్ళు కిందకి చూసి ఎత్తుతారు, కిందవాళ్ళు పైకి చూసి ఎత్తుతారు. మధ్యలో ఏకగ్రీవం అన్నది ఎవడంటే తను. నలుగురూ కూర్చుని తేల్చిన న్యాయం అని ఇన్నాళ్ళూ బోర్డు మీద రాసింది తన వేలినే అన్నమాట. పార్టీ మోసం చేసిందని తిడదామనుకుంటే ముందు తనని తాను తిట్టుకోవాల్సి వస్తోంది. ఆ తిట్టు కూడా ఏకగ్రీవంగానే ఉంటుంది.

"దించుతారా మాస్టారూ?"

"దించను."

"అయ్యో! మరి మావాడు ఎక్కడ కూర్చోవాలి? తలుపులు తయారైపోయాయి కూడా!"

మిషన్ ఆపకుండానే నాయనమ్మ అంది: "మేడ మీద గది ఉంది కదా."

తాత తలెత్తి చూశాడు. మేడ మీద గది తనది. నల్లబోర్డు, ఇటుక మీద బల్ల, ఆదివారాలు. వద్దు అనడానికి నోరు తెరిచాడు. వచ్చే ఆదివారం అక్కడ నిలబడి ఏం చెప్పాలో ముందు ఒకసారి తలుచుకుందామనుకున్నాడు. మొదటి వాక్యం తట్టలేదు. రెండోది చూద్దామనుకున్నాడు. అదీ లేదు. నోరు అలాగే తెరిచి ఉంది.

"తీసుకోండి" అన్నాడు.

"బోర్డు?"

"అదీ."

అధ్యక్షుడి ముఖం వెలిగింది. దుప్పటి కొస వదిలేసి తాత చేతులు రెండూ పట్టుకున్నాడు, నూనె సంగతి చూసుకోకుండా. కింద గది ముట్టుకోం, మేడ మీద గదికి వచ్చే గురువారం కొత్త తీర్మానం పెడతాం, అది మాత్రం ఏకగ్రీవం అని మాటిచ్చి, చొక్కాకి చేతులు తుడుచుకుంటూ వెళ్ళాడు. అప్పటిదాకా ఆగి వింటున్న మిగతా అయిదు మిషన్లూ మళ్ళీ టకటకలాడాయి.

కాసేపయ్యాక నాయనమ్మ అడిగింది: "మరి పార్టీకి రాజీనామా ఇచ్చేస్తారా?"

తాత వేళ్ళకి మిగిలిన నూనె గుడ్డకి తుడిచాడు.

"ఇస్తే మళ్ళీ చెయ్యెత్తడానికి కుదరదుగా. మెంబరుగా ఉండాలి" అన్నాడు.

"అబ్బో. ఒకసారి ఎత్తేసరికే రుచి మరిగారే!"

"భుజం నొప్పిగా ఉంది."

"అలవాటు లేక" అంది నాయనమ్మ. మిషన్ ఆపి లేచి, ఆయన భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కింది. "అలవాటవుతుంది."